స్కిట్‌లో కోడళ్లు పట్టుచీరల్లో ఉంటారు

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల ప్రతి సంక్రాంతి ఫంక్షన్‌లో పిల్లల చేత ఉమ్మడి కుటుంబం మీద ఒక స్కిట్ వేయిస్తాం, తాతగారు వాలుకుర్చీలో కూర్చుంటారు, బామ్మ కథలు చెప్తుంది, కోడళ్లందరూ పట్టుచీరల్లో నవ్వుకుంటూ అరిసెలు వండుతుంటారు, చివర్లో ఒకాయన మైక్ తీసుకుని "ఆ రోజులే వేరండీ, ఇప్పుడంతా నేను, నా పెళ్లాం, నా పిల్లలు" అంటారు, అందరం చప్పట్లు కొట్టేసి బిర్యానీ లైన్లోకి పరిగెడతాం. ఈసారి మా అమ్మ నా పక్కనే కూర్చుంది. "పట్టుచీర కట్టుకుని పాకం పడతారటే ఎవరైనా" అంది, అంతే.

అమ్మ 1979లో పెళ్లై తెనాలి దగ్గర పల్లెటూళ్లో 14 మంది ఉన్న ఇంటికి మూడో కోడలిగా వెళ్లింది. ఆ ఇంట్లో మొదటి డికాషన్ కాఫీ తాతయ్యకి, పెదనాన్నలకి, నాన్నకి, వచ్చిన చుట్టాలకి. అదే పొడి మీద మళ్లీ వేణ్ణీళ్లు పోస్తే దిగేది కోడళ్లకి, అదీ పాలు మిగిలితే. మామిడిపళ్లు వస్తే మగాళ్లకీ పిల్లలకీ ముక్కలు, ఆడాళ్లకి టెంకలు. "ఒక్క బంగినపల్లి పండు మొత్తం నేనే తినాలని ఆరేళ్లు అనుకున్నానే" అని అమ్మ నవ్వుతూ చెప్తుంది గానీ నాకు నవ్వు రాదు.

అలాగని ఆ ఇంట్లో ఏమీ లేదా అంటే ఉంది. నాన్న టైఫాయిడ్‌తో రెండు నెలలు మంచాన పడితే పొలం పని ఆగలేదు, మేం పస్తులుండలేదు, నాకు రోజూ జడలేసింది పెద్దమ్మే. కాకపోతే ఆ భరోసా ఎవరి రెక్కల మీద నడిచిందో ఏ స్కిట్లోనూ చూపించం.

ఇంకోటి, ఉమ్మడి ఆస్తి అంటే ఇంట్లో అందరిదీ అనుకుంటాం కదా, పుట్టుకతో హక్కు మాత్రం మగపిల్లలకే ఉండేది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకీ వచ్చింది, దేశం మొత్తానికి రావడానికి 2005 దాకా పట్టింది. మనం ముందే ఇచ్చాం అని గొప్పగా చెప్పుకుంటాం గానీ అప్పటికే పెళ్లైపోయిన వాళ్లకి అది వర్తించలేదు, అమ్మకి రాలేదు. 2005లో ఆ షరతు పోయింది, కానీ ఈలోపే మామయ్యలు రిజిస్టర్ చేయించుకుని పంచేసుకున్నారు, 2004 డిసెంబర్ 20కి ముందు అలా జరిగిన పంపకాల్ని కొత్త చట్టం కదపదు.

ఇక మన సంగతి. న్యూక్లియర్ ఫ్యామిలీ అంటాం గానీ డెలివరీ డేట్ తెలియగానే మొదట బుక్ చేసేది అమ్మ టికెట్టే. దిగగానే ఎన్నాళ్లుండొచ్చో రాసిచ్చే ఐ-94లో మామూలుగా ఆర్నెల్లు, అవి అయ్యేసరికి అత్తయ్యగారు మామయ్యగారు దిగుతారు, ఒకే ట్రిప్పులో ఒకళ్లని ఎయిర్‌పోర్ట్‌లో దింపి ఇంకొకళ్లని ఎక్కించుకొచ్చిన వాళ్లు మనలో ఎంతమంది లేరు! డేకేర్ డబ్బులు మిగిలాయని పైకి అనం. మా చిన్నది పుట్టినప్పుడు నేనూ అదే చేశా. అమ్మకి డ్రైవింగ్ రాదు, మా వీధిలో సైడ్‌వాక్ కూడా లేదు, పొద్దున 8కి మేం పోతే సాయంత్రం 6 దాకా పసిదానితో ఒక్కతే. తెనాలి ఇంట్లో కనీసం దెబ్బలాడుకోవడానికి తోడికోడలైనా ఉండేది అంది ఒకసారి.

2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, బయటి దేశాల్లో ఉన్న భారత పౌరులకీ వర్తిస్తుంది, నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పిస్తారు. డబ్బు పంపడంలో మనవాళ్లు లోటు చేయరులెండి, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగే మనిషే దొరకట్లేదు.

నాకు నచ్చింది మా తమ్ముడు చేసిన పని. మియాపూర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండో ఫ్లోర్లో అమ్మా నాన్న, ఐదో ఫ్లోర్లో వాళ్లు. ఎవరి పొయ్యి వాళ్లదే. మరదలు వండిన పప్పు కిందకొస్తుంది, అమ్మ పెట్టిన ఆవకాయ పైకెళ్తుంది, కోపమొస్తే ఓ రెండ్రోజులు లిఫ్ట్ ఎక్కరు. రెండు ఫ్లాట్లు అందరూ కొనలేరు, ఒప్పుకుంటా, పక్క వీధిలో అద్దెకున్నా సరిపోతుంది.

మొన్న మే నెలలో ఇండియన్ స్టోర్‌లో బంగినపల్లి బాక్స్ కొన్నా, ఒక పండు మొత్తం నువ్వే తినమ్మా అని చేతిలో పెట్టా. సరే సరే అంటూనే ఫోన్లో నాన్నతో మాట్లాడుకుంటూ చాకు తీసి కోసేసింది, మావారికో ప్లేటు, పిల్లలకో ప్లేటు. నేను చూసేసరికి సింక్ దగ్గర నిలబడి టెంక చీకుతోంది.