కోడ్‌ను ఎక్కడ విడగొట్టాలో ఎవరూ నేర్పడం లేదు

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ 2023లో ఐటీ టవర్లు తెరిచారు. అంతకు చాలా ముందు నుంచే ఈ జిల్లాల్లో డిగ్రీ, ఎంసీఏ, ఇంజనీరింగ్ చేసిన పిల్లలు బస్సెక్కి అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో పోయి కోర్సులు నేర్చుకుంటున్నారు. వీళ్లకు ప్రోగ్రామింగ్ రాదనడం అన్యాయం. లూపులు, ఫంక్షన్లు, క్లాసులు వచ్చు, డేటాబేస్ కలపడం వచ్చు, వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్‌లో ఒక పేజీ కట్టమంటే సాయంత్రానికల్లా కట్టి చూపిస్తారు. ఆగిపోయేది ఆ తర్వాత. అదే ప్రోగ్రామ్‌లో ఒక్క నిబంధన మారిందని చెబితే ఎనిమిది ఫైళ్లు తెరుస్తారు, ఏడింటిలో మారుస్తారు, మిగిలిన ఆ ఒక్కటి నెల తర్వాత బయటపడుతుంది. నేర్చుకుంటున్న దశ దాటి, పనిలో ఇంకా నిలదొక్కుకోని వాళ్లందరికీ ఇదే గోడ అడ్డం వస్తుందని నా అభిప్రాయం, దాన్ని దాటించే చదువు, అంటే ప్రోగ్రామ్‌ను విడివిడి భాగాలుగా, కాంపోనెంట్లుగా, ఎక్కడ విడగొట్టాలో నేర్పే చదువు మన దగ్గర దాదాపు లేదు.

ఇప్పుడు కోర్సుల్లో కాంపోనెంట్ అంటే ఏం చెబుతున్నారో చూడండి. బటన్ ఒక కాంపోనెంట్, కార్డ్ ఒక కాంపోనెంట్, పైన మెనూ ఇంకో కాంపోనెంట్, ఒక్కోదానికి ఒక ఫైలు. ఇంటర్వ్యూలో ప్రాప్స్‌కూ (బయటి నుంచి వచ్చే విలువలు) స్టేట్‌కూ (లోపలే దాచుకునే విలువలు) తేడా అడుగుతారు, అది చెబితే కాంపోనెంట్లు వచ్చినట్టే లెక్క. రియాక్ట్‌ను ఫేస్‌బుక్ బయటికి విడుదల చేసింది 2013లో. కాంపోనెంట్ అనే ఆలోచన అంతకు నలభై ఐదేళ్ల ముందుది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో పెట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సమావేశంలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ అనే ప్రోగ్రామర్, ఫ్యాక్టరీల్లో విడిభాగాలు తయారైనట్టు సాఫ్ట్‌వేర్ భాగాలు కూడా తయారుచేసి, కావలసిన వాళ్లు ఎంచుకుని వాడుకునేలా ఉండాలని వాదించాడు. తర్వాత యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైపులు పెట్టించింది కూడా ఆయనే. ఒక చిన్న ప్రోగ్రామ్ ఇచ్చిన ఫలితాన్ని ఇంకో చిన్న ప్రోగ్రామ్ తీసుకుంటుంది, ఒకదాని లోపలి సంగతి ఇంకోదానికి తెలియదు. ఆ తెలియకపోవడంలోనే అసలు బలం ఉంది.

దీన్ని ఇంకా సూటిగా చెప్పినవాడు కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్. 1972 నాటి తన పరిశోధన పత్రంలో ఒకే ప్రోగ్రామ్‌ను రెండు రకాలుగా విడగొట్టి చూపించాడు. మొదటిది మనందరికీ అలవాటైన పద్ధతి: ముందు ఇన్‌పుట్, తర్వాత లెక్క, ఆఖర్న ప్రింట్, ఈ వరసలో ఒక్కో అడుగుకు ఒక్కో ముక్క. రెండోది వేరు. రేపు ఏ నిర్ణయం మారే అవకాశం ఉందో ముందుగా రాసుకుని, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో దాచిపెట్టడం. యాభై ఏళ్లు దాటినా మన పిల్లల ప్రాజెక్టులు ఇంకా మొదటి పద్ధతిలోనే ఉన్నాయి, ఎందుకంటే క్లాసులో ఫ్లోచార్ట్ గీయించి దాన్నే కోడ్ చేయిస్తాం.

మన ఊళ్ల లెక్కే తీసుకుందాం. వడ్ల కొనుగోలు కేంద్రానికి ఒక చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. రైతు 65 బస్తాలు తెచ్చాడు, బస్తాకు 40 కిలోలు, అంటే 2600 కిలోలు, 26 క్వింటాళ్లు. 2024-25లో ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాల్‌కు 2320 రూపాయలు కాబట్టి 60,320 రూపాయలు. క్వింటాళ్లను ధరతో గుణిస్తే అయిపోయింది కదా అని కాంటా స్క్రీన్‌లో ఒకసారి, చీటీ ప్రింట్ చేసే చోట ఒకసారి, రోజువారీ రిపోర్టులో ఇంకోసారి 2320 రాసేస్తాడు కొత్తగా రాసేవాడు. మరుసటి ఏడాదికి ధర 2389 అయింది. ఇంతవరకూ పెద్ద కష్టం కాదు, ఆ అంకెను ఒకచోట పెట్టి అందరూ అక్కడి నుంచే తీసుకోవాలని ఎవరైనా చెబుతారు.

కష్టం బోనస్‌తో మొదలవుతుంది. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. ధర లెక్కించే ఫంక్షన్‌లో సన్నాలైతే 500 కలుపు అని ఒక ఇఫ్, అంటే షరతు, పెడితే సరిపోతుందని అనిపిస్తుంది. 60,320కి 13,000 కలిపి 73,320 అని చీటీ వస్తుంది. కానీ బోనస్ మద్దతు ధరతో కలిసి రాదు, విడిగా ఖాతాలో పడుతుంది. రైతు బ్యాంకుకు పోయి చూస్తే 60,320 మాత్రమే పడి ఉంటుంది, చీటీలో 73,320 ఉంటుంది, ఆయన సెంటర్‌కు వచ్చి మిగతా డబ్బులు ఏవని అడుగుతాడు. ఇక్కడ తప్పింది కూడిక కాదు. ధర చెప్పే భాగం ఒక్క అంకె తిరిగి ఇస్తానని ఒప్పుకోవడమే తప్పు. అది ఇవ్వాల్సింది ఒక జాబితా: ఏ పద్దు కింద ఎంత అని. మద్దతు ధర పద్దులో 60,320, బోనస్ పద్దులో 13,000. అప్పుడు చీటీ రాసే భాగం రెండు వరసలు రాస్తుంది, చెల్లింపులు చూసే భాగం ఏది పడింది, ఏది పడలేదు అని వేరువేరుగా గుర్తుపెట్టుకుంటుంది, రేపు మూడో పద్దు వచ్చినా ఈ రెండింటినీ ముట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇంకో సంగతి. సన్నమా దొడ్డా అన్నది ఎవరు తేల్చాలి? గింజ పొడవు, వెడల్పు కొలిచి తేలుస్తున్నారు, రకాల జాబితా ఉంది, రేపు ఆ జాబితా మారవచ్చు, కొలిచే పద్ధతీ మారవచ్చు. కాబట్టి ఇది ధర భాగంలో ఉండకూడదు. రకం తేల్చే భాగం వేరే ఉండాలి, అది చివరికి ‘సన్నం’ అనో ‘దొడ్డు’ అనో ఒక్క మాట ఇవ్వాలి, ధర భాగానికి ఆ మాట చాలు. గింజను ఎవరు కొలిచారో, దేంతో కొలిచారో దానికి అనవసరం. ఫంక్షన్ రాయడం వచ్చినవాడికీ కాంపోనెంట్ రాయడం వచ్చినవాడికీ తేడా ఈ అరగంట ఆలోచనలోనే తెలిసిపోతుంది, దీనికి రియాక్ట్ అక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు.

ఇక ముక్కల మధ్య ఒప్పందం. తూకం భాగం 2600 అని ఇచ్చింది, ధర భాగం దాన్ని క్వింటాళ్లు అనుకుని 2320తో గుణించింది, 60 వేలు రావాల్సిన చోట 60 లక్షలు వచ్చింది. ఈ బగ్ గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు, చూసిన వెంటనే దొరుకుతుంది. ప్రాణం తీసే బగ్గులు కంటికి కనిపించవు. ఖాళీ సంచి బరువు 600 గ్రాములు అనుకుంటే 65 సంచులకు 39 కిలోలు. తూకం భాగం రాసినవాడు సంచి బరువు తీసేసి ఇచ్చాడు, చీటీ భాగం రాసినవాడికి ఆ సంగతి తెలియక తనూ తీసేశాడు. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, రెండు భాగాలనూ విడివిడిగా టెస్ట్ చేస్తే రెండూ కరెక్టే. రైతుకు మాత్రం దాదాపు 900 రూపాయలు పోతాయి, ప్రతి రైతుకూ పోతాయి, సీజన్ అంతా పోతాయి. ‘నేను ఇచ్చే బరువు కిలోల్లో ఉంటుంది, సంచి బరువు తీసేసిన తర్వాతిది, సున్నా కంటే తక్కువ ఎప్పుడూ ఉండదు’ అని మూడు ముక్కలు తూకం భాగం పైన రాసి ఉంటే, వాటికి ఒక్కో టెస్ట్ ఉంటే, ఇది జరగదు. క్లెమెన్స్ షిపెర్‌స్కీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త కాంపోనెంట్‌కు ఇచ్చిన నిర్వచనంలో కూడా ఇవే ఉంటాయి: ఒప్పందంలా రాసిన ఇంటర్‌ఫేస్, అంటే బయటివాళ్లు దాన్ని వాడుకునే ద్వారం, ఉండాలి, తనకు బయటి నుంచి ఏమేం కావాలో దాచకుండా చెప్పాలి. మన కోర్సుల్లో ఈ రెండింటికీ ఒక్క పీరియడ్ కూడా దొరకదు.

రాసి పెట్టని నమ్మకం ఎంత ఖరీదైనదో 1996 జూన్ 4న ప్రపంచం చూసింది. యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి లేచిన సుమారు 37 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. అందులో దిశ చూసే సాఫ్ట్‌వేర్ ఏరియాన్ 4 నుంచి తెచ్చింది, అక్కడ బాగా పనిచేసింది. అందులో ఒకచోట 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల సంఖ్యగా మారుస్తారు. పాత రాకెట్‌లో అడ్డంగా పోయే వేగం ఆ హద్దు దాటదు, కొత్త రాకెట్‌లో దాటింది. ఆ లెక్క అసలు కొత్త రాకెట్ లేచిన తర్వాత అవసరమే లేదు, పాత అవసరం కోసం పెట్టింది అలాగే నడుస్తూ ఉంది. తోడుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అదీ అదే కారణంతో పడిపోయింది. కోడ్ మారలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. ‘ఇది ఇంత వేగం వరకే’ అన్న మాట ఆ భాగం మీద రాసి లేదు. బాగా నడిచిన కోడ్‌ను ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు తెచ్చుకునే ప్రతివాడూ ఈ కథను ఒకసారి పూర్తిగా చదవాలి.

ఇదంతా విని అన్నిటినీ ముక్కలు చేసేవాళ్లూ ఉంటారు, అదీ చదువు సగంలో ఉన్నప్పుడు వచ్చే జబ్బే. రెండు చోట్ల ఒకేలాంటి కోడ్ కనిపిస్తే కలిపేయమని చెబుతారు, నేను ఒప్పుకోను. హమాలీ ఖర్చు బరువును రేటుతో గుణిస్తే వస్తుంది, లారీ కిరాయి కూడా బరువును రేటుతో గుణిస్తేనే వస్తుంది. చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి కదా అని ఒకే ఫంక్షన్ చేశారనుకోండి, రేపు కిరాయికి కిలోమీటర్లు వచ్చి చేరతాయి, హమాలీకి బస్తా లెక్క వస్తుంది, ఆ ఫంక్షన్‌కు ఏడు పారామీటర్లు, నాలుగు ఇఫ్‌లు పుడతాయి. అడగాల్సిన ప్రశ్న ఈ రెండూ ఒకేలా ఉన్నాయా అని కాదు, ఒకే కారణంతో మారతాయా అని. ఒకే కారణంతో మారవనిపిస్తే కొన్నాళ్లు విడిగా ఉండనివ్వండి, నష్టం లేదు. కలిపినవాటిని విడదీయడం కంటే విడిగా ఉన్నవాటిని కలపడం ఎప్పుడూ సులువు.

బయటి ప్యాకేజీల గురించి, అంటే వేరేవాళ్లు రాసిపెడితే మనం తెచ్చుకుని వాడుకునే కోడ్ గురించి, కొంచెమే చెబుతాను. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల జావాస్క్రిప్ట్ ప్యాకేజీని రాసినవాడు వెనక్కి తీసేసుకుంటే ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాజెక్టులు బిల్డ్ కాలేదు, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తయారవలేదు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా ప్యాకేజీలో భద్రతా లోపం బయటపడినప్పుడు చాలా కంపెనీలకు అది తమ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడమే పెద్ద పనైంది. వాడొద్దని నేను అనడం లేదు, వాడకుండా ఈ రోజుల్లో పని జరగదు. కానీ తెచ్చుకున్న ప్యాకేజీని ప్రోగ్రామ్ అంతటా నేరుగా పిలవకుండా మీ సొంత భాగం ఒకదాని వెనక పెట్టుకోండి, వెర్షన్ నంబర్‌ను లాక్ చేసుకోండి. ఎస్ఎంఎస్ పంపే కంపెనీని మార్చాల్సి వస్తే ఒక్క ఫైలు మారాలి.

ఇప్పుడు ఏఐ టూల్స్ అడిగిన కాంపోనెంట్‌ను నిమిషంలో రాసి ఇస్తున్నాయి, ఇక ఇవన్నీ ఎందుకని పిల్లలు అడుగుతున్నారు. అందుకే మరింత కావాలి. బోనస్ విడిగా పడుతుందని, సంచి బరువు ఒక్కసారే తీయాలని అడిగేవాడికి తెలియకపోతే టూల్ రాసిన చక్కటి కోడ్ కూడా అదే తప్పును ఇంకా వేగంగా చేస్తుంది. ఆ వివరం వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా దగ్గర నిలబడి చూసినవాడికి తెలుస్తుంది, మిర్యాలగూడ మిల్లులో వేబ్రిడ్జి దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది. అక్కడి లెక్కలు తెలిసిన పిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు, హైదరాబాద్‌లో కూర్చుని కోర్సు చెప్పేవాళ్లకు లేని బలం ఇది, దాన్ని మనం వాడుకోవడం లేదన్నదే నా బాధ.

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ పరిధిలోనైనా, పాలమూరు యూనివర్సిటీ పరిధిలోనైనా కాలేజీలు ఒక పని చేయవచ్చు. ఆఖరి ఏడాది ప్రాజెక్టును కొత్తగా మొదలుపెట్టించడం మానేసి, పోయిన బ్యాచ్ రాసిన కోడ్‌ను ఈ బ్యాచ్ చేతికి ఇచ్చి, దానిలో రెండు మార్పులు చేయమనండి. రాసినవాడు పక్కన ఉండడు, కాబట్టి ఒప్పందం రాసి ఉందో లేదో మొదటి వారంలోనే తేలిపోతుంది. వైవాలో ఏ మార్పుకు ఎన్ని ఫైళ్లు ముట్టుకున్నారో, ఎందుకు ముట్టుకోవాల్సి వచ్చిందో అడిగి సగం మార్కులు దానికే ఇవ్వండి. ప్రాజెక్టు సెంటర్‌లో డబ్బులిచ్చి కొనుక్కొచ్చిన కోడ్‌తో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. మొదటి ఏడాది పాత కోడ్ పనికొచ్చేలా దొరక్కపోతే డిసెంబర్‌లో ఒక టీమ్ కోడ్‌ను ఇంకో టీమ్‌కు మార్చి ఇచ్చినా సరిపోతుంది, దానికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు, సిలబస్ కమిటీ అనుమతి కోసం ఆగాల్సిన పనీ లేదు.