కార్లో కూర్చుంటే రాని విద్య

శనివారం పొద్దున డాలస్ చుట్టుపక్కల ఏ పార్కింగ్ లాట్‌లో చూసినా మనవాళ్లే. పిల్లని కూచిపూడికి దించి, పిల్లాడిని లెక్కల క్లాసుకి దించి, కార్లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాం. ఆ అలవాటే కుక్కల దగ్గరికీ తెచ్చాం. కుక్కని రెండు వారాలు ట్రైనర్ దగ్గర వదిలేసి, అడిగినంత డబ్బు కట్టి, ఇంటికి తెచ్చుకున్నాక "ఇది మా మాట వినదండీ" అని వాపోయేవాళ్లు నాకే ఏడెనిమిది మంది తెలుసు. ట్రైనర్ మాట బాగానే వింటుంది పాపం. నేర్చుకోనిది మనం.

వాళ్లందరికీ నేను ఎజిలిటీ క్లాసు చూపిస్తాను. అక్కడ దించేసి వెళ్లిపోవడం కుదరదు. కుక్కతో పాటు మనమూ పరిగెత్తాలి.

ఎజిలిటీ అంటే కుక్కలకి అడ్డంకుల పరుగు. హర్డిల్స్ దూకడం, టన్నెల్‌లోంచి దూసుకెళ్లడం, ఏటవాలు పలకలెక్కి దిగడం, ఊగే బల్ల దాటడం, ఇవన్నీ జడ్జి పెట్టిన నంబర్ల వరుసలో, గడియారం తిరుగుతుండగా చేయాలి. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన మధ్యలో జనానికి కాలక్షేపంగా, గుర్రాల జంపింగ్ పోటీలని చూసి పెట్టిన ఐటెం ఇది. అమెరికాలో దీనికో సంఘం 1986లో మన టెక్సాస్‌లోనే పుట్టింది.

ఈ అడ్డంకుల వరుసని కోర్సు అంటారు, అది ప్రతిసారీ మారుతుంది. పోటీలో పరిగెత్తేటప్పుడు కుక్కకి తాడు ఉండదు, మన జేబులో తిండి ఉండకూడదు, దాన్ని చేత్తో పట్టుకుని నడిపించకూడదు. అందుకే పోటీకి ముందు కుక్కలు లేకుండా మనుషులే కోర్సంతా నడిచి చూసుకుంటారు. పాతికమంది పెద్దమనుషులు లేని కుక్కకి చెయ్యి చూపిస్తూ, గిరుక్కున తిరుగుతూ, తమలో తాము గొణుక్కుంటూ తిరుగుతుంటే, మొదటిసారి చూసినవాళ్లకి నవ్వాగదు. దారి గుర్తుండాల్సింది మనకి మరి. కుక్కకి నంబర్లు రావు కదా.

మా కుక్క బెల్లం షెల్టర్ నుంచి వచ్చింది. జాతి ఏమిటో తెలియదు, రంగుని బట్టి పేరు పెట్టాం. దానికి అన్నీ తెలుగులోనే నేర్పాలని నా పట్టుదల. హర్డిల్‌కి "దూకు", టన్నెల్‌కి "దూరు". తీరా చూస్తే, పరిగెత్తే కుక్క మాట పూర్తయ్యేదాకా ఆగదు. "దూ" అనగానే ఎదురుగా ఏది కనిపిస్తే అది చేసేసేది. మూడు వారాలు దాన్నే తప్పుపట్టాను. చివరికి టన్నెల్‌కి "గుహ" అని పెట్టాక దారిలో పడింది. ఇంట్లో పిల్లలు "డౌన్" అంటే పడుకోమని, మావారు అదే మాట అంటే సోఫా దిగమని అర్థమన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

మాటల కంటే పెద్ద గొడవ కాళ్లతో. ఆ మధ్య అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు పెరట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను ఎడమవైపు హర్డిల్ చూపిస్తూ గొంతు చించుకుంటున్నాను, బెల్లం ప్రతిసారీ కుడివైపుకే పోతోంది. అమ్మ తలెత్తి, "నీ కాళ్లు అటు తిరిగున్నాయి కదే, చెయ్యి ఇటు చూపిస్తే అదేం చేస్తుంది?" అంది. డబ్బు కట్టిన క్లాసులో ఆరు వారాలుగా నాకు చెబుతున్నది సరిగ్గా ఇదే! కుక్క మన మాట కన్నా ముందు మన భుజాలనీ పాదాలనీ చూస్తుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేవి వీవ్ పోల్స్. వరుసగా పాతిన 12 కర్రల మధ్య నుంచి కుక్క అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోవాలి, కర్రకీ కర్రకీ మధ్య 24 అంగుళాలు. మొదటి కర్ర ఎడమ భుజం పక్కనుంచి పోయేలా లోపలికి దూరాలి, ఒక్కటి వదిలేసినా తప్పే. మాకు నెలలు పట్టింది. ఊగే బల్లతో ఇంకో రకం కష్టం. అవతలి కొస నేలకి కొట్టుకున్న చప్పుడుకి బెల్లం హడలిపోయింది. కొస కింద పాత యోగా మ్యాట్ మడిచి పెట్టి, టప్ మన్నప్పుడల్లా ఒక చీజ్ ముక్క ఇచ్చాం. మ్యాట్ మడతలు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చాం. తొందరపడి బలవంతంగా ఎక్కించి ఉంటే జన్మలో దాని దగ్గరికి పోయేది కాదు.

"మాది బోర్డర్ కోలీ కాదు కదా" అంటారు కొందరు, గొర్రెలు కాసే ఆ చురుకైన జాతికే ఈ ఆట అన్నట్టు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ) పోటీల్లోకి 2010 నుంచీ మిశ్రమ జాతి కుక్కలని రానిస్తున్నారు. 2024లో వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల ప్రదర్శనలో ఎజిలిటీ టైటిల్ గెలిచిన నింబుల్ అలాంటి మిశ్రమ జాతి కుక్కే. అంతకంటే నన్ను భయపెట్టేది పతకం మీద ఆశతో బోర్డర్ కోలీ పిల్లని కొనుక్కొచ్చేవాళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో మునిగి ఉండే ఇంట్లో అది గోడలు కొరుకుతుంది. పైగా ఎముకలు ఎదగని పిల్లతో ఎత్తు జంప్‌లు చేయించకూడదు. 15 నెలలు నిండందే ఏకేసీ పోటీలోకి రానివ్వరు. మన పిల్లల్ని మూడో ఏట నుంచే పోటీలకి తోసే మనకి ఆ ఓపిక ఉంటుందా అని నా అనుమానం.

మా మొదటి పోటీలో ఎనిమిది అడ్డంకులు చక్కగా దాటాం. తొమ్మిదోది ఎటో నేను మర్చిపోయాను. టెన్షన్‌లో అక్కడే నిలబడిపోయాను. బెల్లం ఆగి నా మొహంలోకి చూసింది, నా దగ్గర జవాబు లేదని తేలాక తనకిష్టమైన టన్నెల్‌లోకి వెళ్లిపోయింది. స్కోరు షీటులో తప్పు మాత్రం దాని పేరు మీదే రాశారు.