ఆ ఒక్క కమాండ్ రన్ చేయడానికి మీకేం అడ్డం వచ్చింది?

ఇవాళ మధ్యాహ్నం వేరే పని మీద మా ప్రాజెక్ట్ పైప్‌లైన్ ఫైల్ తెరిచాను. కోడ్ మారిన ప్రతిసారీ ఏయే చెక్‌లు వాటంతట అవే నడవాలో అందులోనే రాసి ఉంటుంది. మా కోడ్ భాష కొత్త వెర్షన్‌లో నడుస్తుందో లేదో చూసే ఒక్క కమాండ్‌ని, అంటే వెర్షన్ కంపాటిబిలిటీ చెక్‌ని, నేనే అందులో ఒక స్టెప్‌గా పెట్టాను. ఆ స్టెప్ ముందు హ్యాష్ గుర్తు కనిపించింది. ఎవరో దాన్ని కామెంట్ చేసి, అంటే నడవకుండా చేసి, పారేశారు. ఆ మార్పు ఎందుకో చెప్పాల్సిన కమిట్ మెసేజ్‌లో "బిల్డ్ ఫిక్స్" అని రెండే మాటలు. ఎర్రర్లు చూపిస్తోందని చెక్‌నే ఎత్తేసి, దానికి ఫిక్స్ అని పేరు పెడతారా? టీమ్ లీడ్‌ని అడిగితే "బిల్డ్ రెడ్‌లో ఉంటే క్లయింట్ కాల్‌లో బాగుండదమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు. ఎప్పుడు తర్వాత? ఇంకో స్కూల్ పోర్టల్ పడిపోయాకా?

దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. సీటు దొరకలేదు. నిలబడే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఈ ఫీల్డ్‌లో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రామింగ్ భాషలకు కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. ప్రతిసారీ కొన్ని పాత ఫంక్షన్లను, అంటే భాషతో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్ ముక్కలను, ముందు "ఇక వాడకండి" అని హెచ్చరిస్తారు, కొన్నేళ్లకు పూర్తిగా తీసేస్తారు. మన కోడ్‌లో అలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో, కోడ్‌ని రన్ చేయకుండానే చదివి, ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో సహా చెప్పే టూల్స్ ఉన్నాయి. దాన్నే స్టాటిక్ అనాలిసిస్ అంటారు. మేం వెబ్‌సైట్లకి వాడే పీహెచ్‌పీ భాషకి అయితే కోడ్‌స్నిఫర్ అనే టూల్, దాని మీద పీహెచ్‌పీకంపాటిబిలిటీ అనే రూల్స్ సెట్. రెండూ ఉచితం. టెస్ట్ సర్వర్ అక్కర్లేదు, క్లయింట్ పర్మిషన్ అక్కర్లేదు. మా అంత ప్రాజెక్ట్‌ని చదవడానికి టీ తాగి వచ్చేంత టైమ్ చాలు.

ఇప్పుడు స్కూల్ సంగతి. కూకట్‌పల్లి వైపు ఒక స్కూల్‌కి ఫీజుల పోర్టల్ మేమే చూస్తాం. పోర్టల్‌ని తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ 7.4 ఆపేస్తున్నామని, ఫలానా తేదీకి 8.2కి మార్చేస్తామని ముందే మెయిల్ పెట్టారు. వాళ్లని ఏమనగలం? 7.4కి సెక్యూరిటీ సపోర్ట్ 2022 నవంబర్‌లోనే ఆగిపోయింది. మెయిల్ చూసిన మావాళ్లు చేసిందల్లా సింటాక్స్ చెక్. పీహెచ్‌పీతో పాటే వచ్చే ఆ చెక్‌ని ప్రతి ఫైల్ మీదా నడిపారు, "నో సింటాక్స్ ఎర్రర్స్" అని వచ్చింది, అంతే, "రెడీ" అని క్లయింట్‌కి రిప్లై వెళ్లిపోయింది.

సింటాక్స్ చెక్ వాక్య నిర్మాణం సరిగా ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. పిలుస్తున్న ఫంక్షన్ ఆ వెర్షన్‌లో ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అది రన్ అయ్యే నిమిషంలోనే తేలుతుంది. రసీదు ప్రింట్ చేసే పేజీలో ట్యూషన్ ఫీజు, బస్ ఫీజు, పుస్తకాలు అంటూ ఒక్కో లైన్ తీస్తూ మళ్లీ మళ్లీ నడిచే వైల్ లూప్ ఉంది. లోపల "ఈచ్" అనే పాత ఫంక్షన్. 2017లో వచ్చిన 7.2లోనే దాన్ని వాడొద్దన్నారు, 2020లో వచ్చిన 8.0లో తీసేశారు. దాచిపెట్టిన విషయం కాదు, మాన్యువల్‌లోనే ఉంది. సింటాక్స్ పరంగా ఆ లైన్‌కి ఏ లోపమూ లేదు కాబట్టి చెక్ పాస్ అయిపోయింది. 8.2 మీద ఆ లూప్ దాకా వచ్చేసరికి "అలాంటి ఫంక్షన్ లేదు" అని ఫేటల్ ఎర్రర్, తెల్ల పేజీ.

అది కూడా ఎక్కడ? డబ్బు కట్ అయిన తర్వాత. పేమెంట్ గేట్‌వే తన పని తాను చేసింది, అకౌంట్ నుంచి డబ్బులు పోయాయి, రసీదు మాత్రం రాలేదు. కొందరు కట్టలేదనుకుని మళ్లీ కట్టారు. నన్ను స్కూల్‌కి పంపారు కాబట్టి అక్కడి పరిస్థితి కళ్లారా చూశాను. కౌంటర్‌లో ఒక్కావిడే. కార్బన్ పేపర్ పెట్టి పాత రసీదు పుస్తకంలో చేత్తో రాస్తున్నారు, వేలికొనలన్నీ నీలం. లైన్లో ఒక పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లోని బ్యాంక్ మెసేజ్ అందరికీ చూపిస్తున్నారు. "పైసలు పోయినయ్ బిడ్డా, కాగితం ఇస్తలేరు" అని నాతో కూడా అన్నారు. ఆయనకి నేనేం చెప్పాలి? ఈచ్ ఫంక్షన్ తీసేశారండీ అని చెప్పనా?

నా కడుపు మండింది ఇక్కడ కాదు, ఆ సాయంత్రం వచ్చిన మెయిల్ దగ్గర. రూట్ కాజ్, అంటే అసలు కారణం, కింద "డిప్లాయ్‌మెంట్‌లో లోపం" (ఫైళ్లు సర్వర్‌లో పెట్టడంలో లోపం) అని రాసి, పక్కన మా టీమ్‌లోని జూనియర్ పేరు పెట్టారు. నల్గొండ నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటోంది, మొదటి ఉద్యోగం. ఆ కోడ్ రాసింది తను కాదు, సర్వర్ మార్చింది తను కాదు, "రెడీ" అని రిప్లై ఇచ్చింది అసలే కాదు. చెప్పిన ఫైళ్లు చెప్పిన ఫోల్డర్‌లో పెట్టింది, అంతే. "నేనేం తప్పు చేసిన అక్కా?" అని వాష్‌రూమ్ దగ్గర ఏడ్చింది. ఆ మెయిల్ ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. సారీ అన్నవాడు లేడు.

ఆ తర్వాతే నేను పట్టుబట్టి పైప్‌లైన్‌లో ఆ స్టెప్ పెట్టించాను. మా సీనియర్ల అభ్యంతరాలు కూడా చెప్తాను వినండి. మొదటిది, వందల కొద్దీ వార్నింగ్‌లు వస్తున్నాయట. రావా మరి? థర్డ్ పార్టీ లైబ్రరీలున్న వెండార్ ఫోల్డర్‌ని వదిలేయమని చెప్పకుండా నడిపితే ఊరందరి కోడ్ మీదా ఫిర్యాదులొస్తాయి. మనకి ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా కావాలో టెస్ట్‌వెర్షన్ సెట్టింగ్‌లో చెప్పాలి. 2019 డిసెంబర్ నాటి పీహెచ్‌పీకంపాటిబిలిటీ 9.3.5 పెట్టుకుని 8.2 గురించి అడిగితే లాభం లేదు, 8 సిరీస్ రూల్స్ కొత్త పని జరిగే డెవలప్ బ్రాంచ్‌లో ఉన్నాయి. ఎర్రర్ వస్తేనే బిల్డ్ ఆపు, వార్నింగ్ అయితే రిపోర్ట్‌లో రాసి వదిలెయ్ అని కూడా చెప్పుకోవచ్చు. ఇవన్నీ నేను చేసే పెట్టాను. చదవడానికి తీరిక లేదు గానీ కామెంట్ చేయడానికి ఉంది.

రెండోది, అన్నీ పట్టుకోదు కదా అంటారు. నిజమే, పట్టుకోదు. ఫంక్షన్ పేరు డేటాబేస్ నుంచో, వేరియబుల్‌లోంచో వస్తే దానికి తెలియదు. సున్నాని "ఆబ్సెంట్" అనే మాటతో రెండు ఈక్వల్ గుర్తులతో పోలిస్తే 7.4 సమానం అంటుంది, 8.0 కాదంటుంది. ఆ తేడా వల్ల లెక్కలు మారిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. అలాంటి వాటికి టెస్టులు రాయాలి, పీహెచ్‌పీస్టాన్ లాంటి ఇంకో స్టాటిక్ అనాలిసిస్ టూల్ తోడు పెట్టుకోవాలి. అంతేగానీ, కొన్ని దొంగతనాలు ఆగవని ఇంటి తాళం తీసి పక్కన పెడతామా? మన పోర్టల్‌ని పడగొట్టిన ఈచ్‌ని అది కచ్చితంగా పట్టుకునేది. దానికి జవాబు చెప్పండి ముందు.

జావా వాళ్లు నవ్వుకోకండి. మీ దగ్గర పరిస్థితి నేను చూడలేదా? కోడ్ జావా 8 కోసమని సోర్స్, టార్గెట్ సెట్టింగ్‌లలో ఇచ్చేసి కొత్త జేడీకేతో (జావా డెవలపర్ల టూల్ కిట్) కంపైల్ చేస్తారు, బిల్డ్ అయిపోతుంది. జావా 8 మీద నడిపితే బైట్‌బఫర్ ఫ్లిప్ అనే మెథడ్‌ని పిలిచే దగ్గర మెథడ్ లేదని కూలిపోతుంది. జేడీకే 9 నుంచి ఇలాంటివి కంపైల్‌లోనే పట్టే "రిలీజ్" అనే ఆప్షన్ ఉంది, వాడొద్దన్న వాటిని చూపించే జేడెప్ర్‌స్కాన్ అనే టూల్ జేడీకేతో పాటే వస్తోంది. ఎంతమంది ఒక్కసారైనా నడిపారు? పైథాన్ వాళ్లదీ అదే వరస. 3.12లో ప్యాకేజీలు తయారుచేసే డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ తీసేస్తారని 3.10 నుంచే చెప్తున్నా, తీసేశాకే నిద్ర లేచినవాళ్లు నా కాంటాక్ట్స్‌లోనే ఉన్నారు. కోడ్‌కి కనీసం ఏ పైథాన్ కావాలో చెప్పే వెర్మిన్ అనే టూల్ ఎప్పటి నుంచో ఉంది.

కుర్రాళ్లని అంటే ఊరుకోను. అమీర్‌పేటలో జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ చేతులు మారే స్పైరల్ నోట్సు మా జూనియర్ బ్యాగ్‌లో చూశాను. పీహెచ్‌పీ డేటాబేస్ కనెక్షన్ చాప్టర్ అంతా మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ అనే ఫంక్షన్‌తోనే ఉంది. అది 2015లో వచ్చిన 7.0లోనే పోయింది! వేలకు వేలు ఫీజు తీసుకుని, ఇంట్లో అప్పు చేసి వచ్చిన పిల్లలకి లేని ఫంక్షన్ నేర్పడం ఏమిటి? వెర్షన్ అనే మాట ఆ నోట్సులో ఒక్కచోట కూడా లేదు.

అసలు జబ్బు అప్రైజల్‌లో ఉంది. కొత్త స్క్రీన్ చేసినవాడికి డెమోలో చప్పట్లు, మంచి రేటింగ్, హైక్. పాత కోడ్‌లో వచ్చే ఏడాది పేలబోయేదాన్ని ఈ ఏడాదే ఏరి పక్కన పెట్టినవాళ్లకి "విజిబిలిటీ తక్కువ" అనే ముద్ర. నాకు పడింది ఆ ముద్ర. సపోర్ట్ టీమ్ కదా, ఇన్నోవేషన్ ఏముంది అన్నారు మొహం మీదే. పేలకుండా ఆపిన పని కనపడదు కాబట్టి దానికి మార్కులు లేవు. పేలాక మాత్రం రాత్రి రెండింటికి ఫోన్ మాకే వస్తుంది. దానికి బదులు సెలవు, కాంప్ ఆఫ్, అడిగితే "అందరం ఒకే ఫ్యామిలీ కదా" అంటారు. ఫ్యామిలీలో ఎప్పుడూ ఒక్కరికే నిద్ర చెడుతుందా?

అందుకే ఇందాక రాయదుర్గం వెళ్లే రైలు ఎదురుగా ఆగి ఉండగా మా మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, హెచ్ఆర్‌ని సీసీలో ఉంచి. మూడు విషయాలు అడిగాను. రూట్ కాజ్ మెయిల్‌లోంచి జూనియర్ పేరు తీసి, మళ్లీ అదే లిస్ట్‌కి పంపాలి. చెక్‌ని ఆపాలంటే ఆపేవాళ్లు కారణం రాసి తమ పేరు పెట్టాలి. "రెడీ" అని క్లయింట్‌కి చెప్పినవాళ్ల నంబరే ఆ వారం, ఏదైనా పడిపోతే ఫోన్ ఎవరికి వెళ్లాలో ఉండే ఆన్‌కాల్ రోస్టర్‌లో మొదట ఉండాలి.