చెప్పులతో పాటు ఊపిరి కూడా

నెయ్యి కరిగిందో లేదో తెలియడానికి మా అమ్మమ్మ గిన్నె వంచి చూసేది. ఆవిడ పరికరాలన్నీ అంతే. అలాంటి అశాస్త్రీయ ధోరణిని ఖండించడానికే ఈ వ్యాసం.

ల్యాబులో పద్ధతిగా చేసేవాళ్లం మేం ఎలా చేస్తామో చూడండి. జీవకణం పొరలో వందల రకాల కొవ్వులు, మధ్యమధ్య ప్రొటీన్లు ఉంటాయి. అంత సందట్లో ఎవరేం చేస్తున్నారో తేలదు. అందుకని అందరినీ పంపేసి, డీపీపీసీ అనే ఒక్క కొవ్వును నీళ్లలో కలిపి, నమూనా పొర అంటాం. పెళ్లికొడుకు ఒక్కణ్నీ పీటల మీద కూర్చోబెట్టి నమూనా పెళ్లి అన్నట్టు.

ఈ డీపీపీసీ 41 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. (బెజవాడలో మే నెలైతే హీటరు ఖర్చు కూడా మిగులుతుంది.) అంతవరకూ దాని అణువుల పొడుగాటి తోకలు బడి ప్రార్థనలో పిల్లల్లా నిటారుగా నిలబడి, బెల్లు కొట్టగానే ఎటుపడితే అటు వంకర్లు తిరుగుతాయి. పరారుణ కాంతి (కంటికి కనబడని వేడి కాంతి) పంపి, ఎక్కడెక్కడ ఎంత మింగిందో గ్రాఫు గీస్తే, సెంటీమీటరుకు 2850 అలల దగ్గరున్న శిఖరం 2852 దాకానో, ఇంకాస్త పైకో జరుగుతుంది. ఆ రెండంకెల కోసం డిటెక్టరుకు ద్రవ నైట్రోజన్ పోసి, వేడిని ఒక్కో డిగ్రీ పెంచుతూ పూటంతా కూర్చుంటాం. అమ్మమ్మ చెప్పగలిగిందా, ఏ తోక ఎంత వంగిందో?

ఇక నీళ్ల గొడవ. నీళ్లు లేందే పొర లేదు. కానీ 1640 ప్రాంతంలో ఆ నీళ్లే కాంతిని మింగేస్తాయి. పొరలో ప్రొటీన్ ఏదైనా కలిపామా, దాని కబురు కూడా సరిగ్గా అక్కడే. కాబట్టి భారజలం వాడాలి; అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు, అవి కాంతిని వేరేచోట మింగుతాయి. మణుగూరులో తయారవుతుంది కదా అని బిందె పట్టుకెళ్తే పోయరు. కొని తెచ్చిన సీసాకి మూత పెట్టడం మరిచిపోతే, గాల్లోని తేమ మెల్లగా చేరి దాన్ని మళ్లీ మామూలు నీళ్ల దారి పట్టిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మనిషి. ఓసారి 2350 దగ్గర అందమైన శిఖరం కనబడింది. కొత్తది కనిపెట్టానని గుండె దడదడలాడింది. పరుగున వెళ్లి గైడ్‌గారిని పిలుచుకొచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "అది నువ్వే నాయనా," అన్నారు. శాంపిలు పెడుతూ నేను వదిలిన బొగ్గుపులుసు వాయువట. ఇంకోచోట గడ్డం మొలిచినట్టున్న గీతలు నా ఊపిరిలో తేమవట.

అందుకే ప్రతి ల్యాబు గుమ్మానికీ ఈ బోర్డు తగిలించాలని డిమాండ్ చేస్తున్నాను: "చెప్పులు, ఊపిరి బయటే వదిలి లోపలికి రావలెను."