కాలిక్యులస్ సరే, ఆల్జీబ్రా సంగతేంటి?

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే పిల్లల చదువుల మాట రాక తప్పదు, ఎవరి పిల్లలు ఏ క్లాసులో కాలిక్యులస్ పూర్తిచేశారన్న పోటీ కూడా తప్పదు. టెన్త్ గ్రేడ్‌లోనే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు) కాలిక్యులస్ రాశారంటే అదో గొప్ప. సమ్మర్‌లో ఆన్‌లైన్‌లో జామెట్రీ అయిందనిపించి, ప్రీకాలిక్యులస్ కొన్ని వారాల్లో చుట్టేసి, ఇంజనీరింగ్‌కి దారి వేసేశామనుకుంటాం. నా లెక్కలో ఈ తొందరే చాలామందిని కాలేజీ మొదటి ఏడాది ముంచుతోంది.

ఫస్టియర్ పిల్లల పేపర్లు తీసి చూడండి. డెరివేటివ్ సరిగ్గానే ఉంటుంది, తర్వాత భిన్నాలు కలపడంలో తప్పు. పార్షియల్ ఫ్రాక్షన్స్ రాగానే చేతులెత్తేస్తారు, నిజానికి అందులో ఇంటిగ్రేషన్ చివరి రెండు లైన్లే, మిగతాదంతా ఆల్జీబ్రా. స్టాటిక్స్‌లో (కదలని వస్తువుల మీద బలాల లెక్కల్లో) బలాన్ని రెండు దిశలుగా విడగొట్టేటప్పుడు సైన్ ఎటు, కొసైన్ ఎటు అని తడుముకుంటే ఇక ముందుకు కదలదు. ఇవన్నీ మనం గబగబా దాటించేసిన క్లాసుల్లోవే.

హార్వర్డ్‌కు చెందిన ఫిలిప్ శాడ్లర్, గెర్హార్డ్ సోనర్ట్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఇదే చెప్పింది. కాలేజీ కాలిక్యులస్‌లో రాణించడానికి, హైస్కూల్లో కాలిక్యులస్ చదివి ఉండటం కన్నా దానికి ముందుండే లెక్కల మీద పట్టు రెండింతలకు పైగా పనికొచ్చిందట. అలాగని హైస్కూల్ కాలిక్యులస్ వృథా కాదు, కానీ వరస మార్చకూడదు.

'ఏ గ్రేడ్ వచ్చిందిగా' అంటారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియెగో క్యాంపస్‌లో 2025 నవంబర్లో వచ్చిన నివేదిక చూస్తే ఆ ధీమా పోతుంది. హైస్కూల్ స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరినవాళ్లు 2020 నుంచి ఐదేళ్లలో దాదాపు ముప్పై రెట్లయ్యారు. 2024లో అక్కడి రెమెడియల్ కోర్సులో (వెనకబడ్డవాళ్లకి పాత లెక్కలు మళ్లీ నేర్పే క్లాసులో) కూర్చున్నవాళ్లలో నాలుగో వంతుకు పైగా హైస్కూల్ లెక్కల్లో సగటు 4.0, అంటే అన్నీ ఏ గ్రేడ్లే, ఉన్నవాళ్లే!

మనకీ తొందర ఎంసెట్ నుంచే అబ్బిందేమో. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, నెగటివ్ మార్కులు కూడా లేవు, షార్ట్‌కట్ తెలిసినవాడిదే రాజ్యం. అయితే ఇంటర్ రెండేళ్లూ రుద్ది రుద్ది చేయించడం వల్ల ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ చేతికి అలవాటైపోయేవి. ఇక్కడ పిల్లలకి ఆ తొందర అంటించాం గానీ ఆ సాధన చేయించలేదు.

ఇంకో మాట, కాలేజీలో ఏ లెక్కల క్లాసుతో మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్ట్ గురించి. చాలా యూనివర్సిటీలు అలెక్స్ (ALEKS) అనే ఆన్‌లైన్ టెస్ట్ వాడతాయి, కొన్నిచోట్ల ఇంట్లో కూర్చునే రాయొచ్చు. పక్కన నాన్నో, అక్కో, చాట్‌బాటో ఉండి రాయిస్తే స్కోరు బాగానే వస్తుంది, పిల్లాడు మాత్రం తనకి రాని క్లాసులో పడతాడు. వాళ్లనే రాయనివ్వండి. తక్కువొస్తే ఏ టాపిక్కులు రావో అదే చూపిస్తుంది, ప్రాక్టీస్ మాడ్యూల్ కూడా ఇస్తుంది, ఆగస్టు దాకా టైముంది. ఏపీ పరీక్షలో అత్యధిక స్కోరు 5 వచ్చినా కాలిక్యులస్ వన్ మళ్లీ తీసుకుంటానని వాళ్లే అడిగితే, ఆ స్కోరుతో వచ్చే కాలేజీ క్రెడిట్ దండగని అడ్డుపడకండి. తర్వాత వచ్చే మల్టీవేరియబుల్ కాలిక్యులస్‌లో తప్పి మళ్లీ ఫీజు కట్టడం, దాని వెనక కోర్సులన్నీ ఒక సెమిస్టర్ వెనక్కి జరగడం, అది అసలు దండగ.