‘కాథార్ కోటలు’ కాథార్లు కట్టినవి కావు

దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక కొండ కొమ్ము మీద శిథిలమైన కోట, చుట్టూ మబ్బులు. ఆ ఫొటోతో ఒక కథ యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. కథ ఇది: మధ్యయుగంలో కాథార్లు అనే శాకాహార, అహింసావాద శాఖ ఒకటి ఉండేది. బౌద్ధమో జైనమో మన దేశం నుంచి అక్కడికి వెళ్లి ఆ రూపం తీసుకుంది. వాళ్లు తమ మతం కోసం ఆకాశాన్నంటే కోటలు కట్టుకున్నారు. అందులో మోంసెగూర్ నిజానికి సూర్యదేవాలయం. ఏసుక్రీస్తు కడరాత్రి భోజనంలో వాడిన పవిత్ర పాత్రను అక్కడే దాచారు. పోపు సైన్యం ఒక్క రోజులో అందరినీ చంపేసింది, కోటలు మాత్రం మిగిలాయి.

ఆ శాఖ ఉన్న మాట నిజం. దాన్ని ఘోరంగా అణచివేసిన మాట నిజం. మిగతాది దాదాపు అంతా తప్పు. ఏదో పాత దేశపు పాత కథ, తప్పయితే మనకేం నష్టం అని వదిలేయలేకపోతున్నాను. ఎందుకంటే ఆ మనుషుల్ని వెంటాడి కాల్చిన పక్షం కట్టుకున్న గోడలకు, కాలిపోయిన వాళ్ల పేరు తగిలిస్తున్నారు.

ముందు కోటల సంగతి చూద్దాం. కాథార్ల నమ్మకం ప్రకారం కంటికి కనిపించే ఈ లోకం మంచి దేవుడి సృష్టి కాదు, దుష్టశక్తి పని. ఆత్మ ఒక్కటే దేవుడిది. ఒళ్లు, మట్టి, రాయి అన్నీ ఆ చెడ్డవాడివి. అందుకే చర్చి భవనాలనే వాళ్లు ఒప్పుకోలేదు. నమ్మినవాళ్లు కూడిన చోటే సంఘం, రాళ్లు పేర్చినంత మాత్రాన అది దేవుడి ఇల్లు కాదు అనేవారు. వాళ్లకు గుడి లేదు, బలిపీఠం లేదు, విగ్రహం లేదు. దీక్ష తీసుకున్నవాళ్లను జనం ‘మంచి మనుషులు’ అని పిలిచేవారు. వీళ్లు సంసారం, మాంసం, సొంత ఆస్తి వదిలేసి, నేత పనో మరో పనో చేసుకుంటూ, ఇద్దరిద్దరుగా ఊరూరా తిరిగి బోధించేవారు. ఇలాంటివాళ్లు తమ మతానికి గుర్తుగా కోట కడతారా?

మరి ఆ కోటలు ఎవరివి? ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి పేర్‌పెర్త్యూజ్, కెరిబ్యూస్, ప్యూలోరాన్స్, తెర్మ్, అగీలార్. దగ్గర్లోని కార్కసోన్ అనే కోట పట్టణం పేరు మీద ఈ ఐదింటికీ ‘కార్కసోన్ ఐదుగురు కొడుకులు’ అని పాత పేరు ఉంది. అవి ఫ్రాన్స్ రాజు సరిహద్దు కోటలు. 1258లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకీ, ఇప్పటి స్పెయిన్ వైపున్న ఆరగాన్ రాజుకూ మధ్య కోర్బేయ్ ఒప్పందం కుదిరి, ఈ కొండల మీదుగా రెండు రాజ్యాలకు హద్దు గీశారు. ఆ హద్దు కాయడానికి రాజు ఇంజనీర్లు పాత కోటల్ని మార్చి, పెంచి, కొత్తగా కట్టారు. పేర్‌పెర్త్యూజ్‌లో పైభాగాన ఉన్న సాన్ జోర్డి కోట లూయీ కట్టించిందే. అక్కడికి ఎక్కే రాతి మెట్లను ఇప్పటికీ సెయింట్ లూయీ మెట్లు అంటారు. 1659లో పిరనీస్ ఒప్పందంతో హద్దు ఇంకా దక్షిణానికి జరిగేదాకా ఇవి చాలావరకు రాజు సైన్యానికి పనికొచ్చాయి. కాథార్ల మీద జరిగిన యుద్ధంలో గెలిచింది ఆ రాజ్యమే.

ఆ కొండల మీద అంతకు ముందు స్థానిక ప్రభువుల కోటలు ఉండేవి. ఆ ప్రభువుల్లో కొందరు కాథార్లకు ఆశ్రయం ఇచ్చారు. కెరిబ్యూస్ 1255 దాకా లొంగలేదు, అక్కడ కొందరు తలదాచుకున్నారు కూడా. కానీ తలదాచుకోవడం వేరు, కట్టడం వేరు. మన ఊళ్లలో ఏ పాత గుహ కనిపించినా పాండవులు వనవాసంలో ఉన్న చోటని చెప్పుకున్నట్టే, అక్కడ ఏ శిథిల కోట కనిపించినా కాథార్లది అనడం అలవాటైపోయింది. స్థానిక పర్యాటక శాఖలు కూడా ‘కాథార్ దేశం’ అనే బ్రాండుతో ఆ అలవాటును బాగా పెంచాయి.

ఈ గందరగోళం ఎంత దూరం పోయిందో చెప్పడానికి విల్‌రూజ్-తెర్మెనెస్ ఒక్కటి చాలు. దాన్నీ కాథార్ కోటల జాబితాలో కలుపుతారు. ఆ కోట నార్బోన్ ఆర్చిబిషప్‌ది. ఆ ప్రాంతంలో మనకు తెలిసిన చివరి ‘మంచి మనిషి’ గియోమ్ బెలిబాస్ట్. ఆయన్ని 1321లో సజీవంగా కాల్చింది అక్కడే.

ఇక మోంసెగూర్. ఇక్కడ మాత్రం ఆ ప్రచారంలో సగం నిజం ఉంది, కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. సుమారు 1,200 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద పాడుబడిన కోటను 1204 ప్రాంతంలో మళ్లీ కట్టించింది రేమోన్ ద పెరే అనే ప్రభువు. కాథార్ పెద్దలు అడిగితేనే కట్టించానని తర్వాత ఇంక్విజిషన్‌లో, అంటే మతభ్రష్టుల్ని పట్టుకోవడానికి చర్చి జరిపిన విచారణలో, ఆయనే చెప్పాడు. 1232లో కాథార్ బిషప్ గిలాబెర్ ద కాస్త్ర్ ఆ చోటును తమ సంఘానికి నివాసంగా, కేంద్రంగా ఉండనివ్వమని అడిగాడు. కోట చుట్టూ వాలులో మెట్లు మెట్లుగా ఇరుకైన ఇళ్లతో ఒక ఊరు ఏర్పడింది. మంచి మనుషులు, కాపలా సైనికులు, వాళ్ల కుటుంబాలు అక్కడే బతికేవారు. తవ్వకాల్లో పాచికలు, కత్తెరలు, నాణేలు, బాణాల ములుకులు దొరికాయి. అంటే మామూలు మనుషులు ఉన్న మామూలు ఊరు.

1242 మే నెలలో మోంసెగూర్ మనుషులు అవిన్యోనే అనే ఊళ్లో ఇద్దరు విచారణాధికారుల్నీ వాళ్ల పరివారాన్నీ చంపారు. అహింసావాదుల కథలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. చంపింది దీక్ష తీసుకున్నవాళ్లు కాదు, వాళ్లను కాపాడే సైనికులు. అయినా చెప్పకుండా దాటేయకూడదు. దానికి బదులుగా 1243 మేలో ముట్టడి మొదలై పది నెలలు సాగింది. 1244 మార్చి మొదట్లో లొంగిపోయారు. షరతు ఏమిటంటే, నమ్మకం వదులుకుంటే ప్రాణం దక్కుతుంది. పదిహేను రోజుల గడువు ఇచ్చారు. ఆ గడువులో, వదులుకునే బదులు కొత్తగా దీక్ష తీసుకున్నవాళ్లు ఉన్నారు. తీసుకుంటే మంటలే అని తెలిసి తీసుకున్నారు. అందులో కోట యజమాని రేమోన్ భార్య కోర్బా, కూతురు ఎస్‌క్లార్‌మోండ్ ఉన్నారు. మార్చి 16న బిషప్ బెర్త్రాన్ మార్తీతో పాటు 200 మందికి పైగా కాలిపోయారు. రేమోన్ బతికి, భార్యాబిడ్డల గురించి విచారణాధికారి ముందు వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొండ గి ద లెవీ అనే ప్రభువు చేతికి వెళ్లింది. ఆయన వంశం కాథార్ల మీద పోపు ప్రకటించిన క్రూసేడ్‌తో (మతయుద్ధంతో) పాటు ఉత్తరం నుంచి వచ్చింది. పాత ఊరు పోయింది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూస్తున్న గోడలు, బురుజు ఆ కొత్త యజమానుల కాలంలో లేచినవి. కాథార్లు ఆ గోడల్ని చూడనే లేదు.

సూర్యదేవాలయం మాట ఇక్కడే కూలిపోతుంది. 20వ శతాబ్దం మధ్యలో ఫెర్నాన్ నియెల్ అనే ఆయన కోట గోడల కోణాలు కొలిచి, అవి సూర్యోదయ దిశలకు సరిపోతున్నాయని వాదించాడు. ఇప్పటికీ జూన్‌లో పగలు ఎక్కువగా ఉండే రోజున బురుజు బాణపు రంధ్రాల్లోంచి ఎండ దూసుకు రావడం చూడ్డానికి జనం తెల్లవారుజామునే కొండెక్కుతారు. ఎండ వస్తుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది. కానీ ఆయన కొలిచినవి 1244 తర్వాతి గోడలు. పైగా కనిపించే లోకమంతా చెడ్డవాడి సృష్టి అని నమ్మినవాళ్లు, ఆ లోకంలో భాగమైన సూర్యుడికి గుడి ఎందుకు కడతారు? వాళ్ల బోధ ఒక్క పేజీ చదివినా ఈ వాదన నిలబడదు.

పవిత్ర పాత్ర కథకు పునాది ఇంకా బలహీనం. ముట్టడి సమయంలో బంగారం, వెండి, చాలా డబ్బు బయటికి చేరవేశారని, లొంగుబాటు రాత్రి కొందరు తాళ్లతో కొండ దిగి తప్పించుకున్నారని వాంగ్మూలాల్లో ఉంది. అది పారిపోయి బతుకుతున్న సంఘం నడవడానికి దాచుకున్న డబ్బు. దాన్ని పవిత్ర పాత్రగా మార్చింది 19, 20 శతాబ్దాల ఊహ. 1933లో జర్మన్ రచయిత ఓటో రాన్ ఒక పుస్తకం రాసి, పాత జర్మన్ కావ్యంలో పవిత్ర పాత్ర ఉన్న కోట మోంసెగూరే అన్నాడు. తర్వాత ఆయన నాజీల ఎస్.ఎస్. దళంలో చేరాడు. ఇంతకీ కాథార్లు క్రీస్తుకు నిజమైన రక్తమాంసాల శరీరం ఉందనే ఒప్పుకోలేదు. రొట్టె, ద్రాక్షారసం ఆయన శరీరం, రక్తం అవుతాయన్న కాథలిక్ విశ్వాసాన్ని తిరస్కరించారు. ఆ రక్తం పట్టిన పాత్రను ప్రాణాలిచ్చి కాపాడారని చెప్పడం వాళ్ల మతాన్నే తలకిందులు చేయడం.

ఈ కథల్లో పావురమై ఎగిరిపోయే ఎస్‌క్లార్‌మోండ్ అనే రాకుమారి వస్తుంది. ఆ పేరున్న ఫోయ్ ప్రభు వంశపు స్త్రీ 1204లో ఫాన్జోలో దీక్ష తీసుకుంది, నిజమే. కానీ మోంసెగూర్ మంటల్లో పోయింది కోర్బా కూతురు ఎస్‌క్లార్‌మోండ్. ఆమె ఎగిరిపోలేదు.

‘కాథార్ సిలువ’ అని లాకెట్లు అమ్ముతారు. అది తులూజ్ ప్రభువుల వంశ చిహ్నం. కాథార్లు సిలువనే గౌరవించలేదు. క్రీస్తును హింసించిన కొయ్యకు దండం పెట్టడమేమిటి అనేవారు. వాళ్ల జీవితాల్లోకి సిలువ వచ్చింది శిక్షగానే. నమ్మకం వదులుకున్నవాళ్లు బట్టల మీద పసుపు సిలువ కుట్టుకుని తిరగాలని ఇంక్విజిషన్ ఆజ్ఞ.

ఇప్పుడు మన దేశపు సంబంధం. ఈ ముక్క మన గ్రూపుల్లో ఎక్కువ తిరగడానికి కారణం తెలుస్తూనే ఉంది, అది మనకు గర్వంగా అనిపిస్తుంది. పోలికలు లేకపోలేదు. దీక్ష తీసుకున్నవాళ్లు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు, ప్రాణి హత్య చేయరు. దీక్ష దొరికేదాకా ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మారుతూ ఉంటుందని చాలామంది నమ్మారు. కానీ చేపలు తినేవారు, ద్రాక్షారసం తాగేవారు. మాంసం, పాలు వద్దన్నది అవి సంభోగం వల్ల పుట్టిన ఒంటి నుంచి వస్తాయని. చేప నీళ్లలో దానంతటదే పుడుతుందని అప్పట్లో అనుకునేవారు. జైన సాధువు ఎవరైనా దీన్ని తన మార్గం అంటాడా? వాళ్ల గ్రంథం కొత్త నిబంధన, అందులోనూ యోహాను సువార్త. వాళ్ల ప్రార్థన ‘పరలోకమందున్న మా తండ్రీ’. దీక్ష అంటే తల మీద సువార్త పుస్తకం, చేతులు ఉంచడం. తామే అసలైన క్రైస్తవులమని చెప్పుకున్నారు. బయటి మూలం వెతకాలంటే చరిత్రకారులు చూసేది బల్గేరియా వైపున్న బొగొమిల్ శాఖను. అదీ ఇంకా వాదనలో ఉంది. ఇద్దరు ఒకేలా ఆలోచించినంత మాత్రాన ఒకరి దగ్గర్నుంచి ఒకరు నేర్చుకున్నట్టు కాదు.

ఒక్క రోజులో అంతమయ్యారన్నదీ తప్పే. ఆ ‘ఒక్క రోజు’ 1209 జులై 22, బెజియే పట్టణంలో. పోపు ప్రతినిధి ఆర్నో అమోరీ దాదాపు 20,000 మందిని చంపామని పోపుకు రాశాడు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కాథలిక్కులే. అప్పగించమని బిషప్ తెచ్చిన జాబితాలో ఉన్నవి రెండు వందల పైచిలుకు పేర్లు. ఆ తర్వాత యుద్ధం 1229 దాకా, విచారణలు ఇంకో వందేళ్లూ సాగాయి.

ఈమధ్య దీనికి పూర్తి వ్యతిరేకమైన మాట కూడా వినిపిస్తోంది: కాథార్లు అసలు లేరు, అంతా ఇంక్విజిషన్ కల్పన అని. వాళ్లకు నిజంగా ఒక కట్టుదిట్టమైన సంఘం ఉండేదా, లేక విచారణాధికారులే అలా ఊహించుకున్నారా అన్నది చరిత్రకారుల మధ్య నిజమైన చర్చ. కానీ దక్షిణ ఫ్రాన్స్‌లో వాడిన ఆక్సితాన్ భాషలో వాళ్ల దీక్షా విధానం రాసిన ప్రతి లియోన్‌లో ఇప్పటికీ ఉంది. 1245-46లో తులూజ్ దగ్గరి ఊళ్ల నుంచి 5,000 మందికి పైగా మనుషుల్ని పిలిచి ప్రశ్నించిన రికార్డు తులూజ్ లైబ్రరీలో ఉంది. మంటల్లో పోయినవాళ్లు కల్పన కాదు.

కాథార్లకు సంబంధించిన కట్టడం చూడాలంటే ఏం చూడాలి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. వాళ్లు వాడింది ఇల్లు. ఊరి మధ్యలో, వీధిలోకి తలుపు తెరిచి ఉన్న ఇల్లు. అందులో నేత పని, బోధ, రోగుల సేవ, అన్నీ జరిగేవి. అవి ఎందుకు మిగల్లేదంటే, 1229లో తులూజ్‌లో జరిగిన చర్చి సభ మతభ్రష్టుడు దొరికిన ప్రతి ఇంటినీ పడగొట్టాలని శాసనం చేసింది.

వాళ్ల కారణంగా లేచి ఇప్పటికీ నిలిచిన కట్టడం ఒకటి చూపించమంటే ఆల్బి కెథడ్రల్ చూపిస్తాను. బిషప్ బెర్నార్ ద కస్తానే 1282లో మొదలుపెట్టించాడు. 113 మీటర్ల పొడవు, 78 మీటర్ల గంట గోపురం, మొత్తం ఇటుకే. కింది గోడల్లో కిటికీలు లేవు, పైన సన్నగా నిలువుగా ఉన్నాయి. బయటి నుంచి చూస్తే చర్చి అనిపించదు, కోట అనిపిస్తుంది. కస్తానే అదే ఊరివాళ్లను మతభ్రష్టులని విచారించి జైల్లో పెట్టిన మనిషి. ఓడిపోయినవాళ్లకు, ఇంకా గుసగుసలాడేవాళ్లకు కనిపించేలా కట్టిన గోడ అది. కాథార్ల పేరు రాయాలనుకుంటే ఆ ఫొటో కింద రాయండి, ఎందుకు రాస్తున్నారో కూడా రాయండి. పేర్‌పెర్త్యూజ్ ఫొటో కింద తొమ్మిదో లూయీ పేరు రాయండి.