డీజేకి అడ్డొస్తున్న పాపికొండలు

పాపికొండల్ని అక్కణ్ణుంచి తీసేయించాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పడవలో డ్యాన్సు ప్రోగ్రాంకి అవి మహా అడ్డంగా ఉన్నాయి.

మొన్న కార్తీకంలో వెళ్లాం. గండి పోశమ్మ గుడి దగ్గర పడవెక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి అంతమంది పోయాక ఆమాత్రం జాగ్రత్త ఉండాలిగా. మావాళ్లు బుద్ధిగా వేసుకున్నారు. ఫొటోలో పట్టుచీర కనబడట్లేదని పది నిమిషాల్లో విప్పేశారు.

ఇది 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. పులులు కూడా ఉన్నాయంటారు. ఆ స్పీకర్ల మోత విన్న పులి ఈపాటికి ఒడిశాకి బదిలీ పెట్టుకుని ఉంటుంది.

ఎదురుగా గోదావరి రెండు కొండల మధ్య పాపిడంత సన్నబడింది. కొండ నీడ పడవ మీద పడి ఒళ్లు చల్లబడింది. సరిగ్గా అప్పుడే యాంకర్ కుర్రాడు మైకు అందుకుని "మ్యూజికల్ చైర్స్!" అన్నాడు. పడవంతా కొండలకి వీపు తిప్పింది. మోకాళ్ల ఆపరేషనైందని రేవులో ఇద్దరి భుజాలు పట్టుకుని దిగిన ఒక పెద్దాయన, పంచె ఎగ్గట్టి, కుర్చీ కోసం పదేళ్ల పిల్లాణ్ణి మోచేత్తో నెట్టేశాడు. పిల్లాడు ఏడ్చాడు. పెద్దాయన గెలిచాడు. బహుమతి ప్లాస్టిక్ దువ్వెన. పాపిడి తీసుకోడానికి కాబోలు.

కల్లు మీద వేసిన చిగురు పన్నుకి కొండజనం తిరగబడ్డ 1879 రంప పితూరీ ఈ చుట్టుపక్కల కొండల్లోదే కదా, రెండు ముక్కలు చెప్పమన్నాను. "అది పెన్‌డ్రైవ్‌లో లేదు సార్" అన్నాడు కుర్రాడు.

పేరంటాలపల్లిలో కాసేపు ఆపారు. కొండరెడ్డి తెగ ఆడవాళ్లు వెదురుని సన్నగా చీల్చి, రేకులు విచ్చేలా పూలు చేసి అమ్ముతున్నారు. పడవలో చల్లారిన పకోడీకి అడిగినంతా ఇచ్చినావిడే ఇక్కడ "ఒకటి కొంటే ఇంకోటి ఊరికే ఇవ్వవా?" అని బేరం.

తిరుగు ప్రయాణంలో యాంకర్ ప్రకటించాడు: "బాగా చూసుకోండి, పోలవరం నిండితే ఈ ఊళ్లన్నీ మునిగిపోతాయి! నెక్స్ట్ సాంగ్!" ఈలలు.

దేనికయ్యా ఈలలు? మునిగేది సీనరీ కాదు, ఇళ్లు. వరదొచ్చినప్పుడల్లా బియ్యం, మంచం, పిల్లల్ని గుట్ట మీదికి మోసుకెళ్లి టార్పాలిన్ కింద పడుకున్న జనం వాళ్లు. వాళ్లకిచ్చిన మాట ఏమైందని ఏనాడూ అడగని మనం, ఆ మునక మీద ఈలేస్తామా? సిగ్గుండాలి. నాకూ ఉండాలి. ఆ పాటకి నా కాలూ ఆడింది.

రేవులో దిగుతుంటే పెద్దాయన దువ్వెన జేబులో పెట్టుకుంటూ నన్నడిగాడు: "ఇంతకీ పాపికొండలు ఎప్పుడొస్తాయి బాబూ?"